సంగటి ముద్ద కట్టేముందు చెయ్యి ఎందుకు తడుపుకోవాలి?

సోమందేపల్లి వైపు పిల్లలు చూస్తూనే ఉంటారు. అమ్మ రాగి సంగటిని కట్టెతో బాగా గెలికి దించి, నీళ్ళలో చెయ్యి ముంచి ముద్ద కడుతుంది. ఇంకో ముద్దకు మళ్ళీ ముంచుతుంది. తడి లేకుంటే అంటుకుంటుందని చెబుతుంది. ఎందుకు అంటుకుంటుంది? ఎంత అంటుకుంటుందో కొలవొచ్చా?

ముందు గులకరాయిని గుప్పిట్లో పట్టుకుని చూడండి. అది అంటుకోదు. అరచెయ్యి నిండా సన్నని గీతలు, గుంతలు ఉంటాయి. రాయి గట్టిది కాబట్టి మిట్టల మీదే ఆనుతుంది. సంగటి అలా కాదు. ఉడికేటప్పుడు పిండి నీళ్ళు పీల్చి ఉబ్బి, జిగురవుతుంది. ఆ మెత్తదనంతో ప్రతి గీతలోకీ దిగుతుంది. తగిలేచోటు పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. రెండు వేర్వేరు పదార్థాల మధ్య ఉండే ఈ పట్టునే బడిపుస్తకాల్లో అసంజన బలం అంటారు.

చెయ్యి తడిపితే మధ్యలో పలుచని నీటిపొర నిలుస్తుంది. చెయ్యి తీసేటప్పుడు తెగేది ఆ పొరే, సంగటి కాదు. కాసేపటికి సంగటి ఆ నీళ్ళనూ పీల్చేస్తుంది. అందుకే అమ్మ మళ్ళీ చెయ్యి ముంచేది.

ఇక కొలత. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద బరువైన గిన్నెలో సంగటి పెట్టి, అంకెను సున్నాకు తెండి. పొడి గరిటె వెనకవైపును దానిమీద ఆనించి, పది లెక్కపెట్టి, నిదానంగా పైకి తీయండి. సంగటి గరిటెను వదలక తానూ పైకి లేవబోతుంది. కాటా మీద భారం తగ్గి అంకె మైనస్‌లోకి పోతుంది. ఊడే ముందు కనిపించిన పెద్ద మైనస్ అంకే ఆ సంగటి పట్టు. గరిటెను తడిపి మళ్ళీ చేయండి, తేడా మీకే తెలుస్తుంది. ప్రయోగశాలల్లో యంత్రాలు చేసేదీ ఇదే పని, మరింత సున్నితంగా.

1971లో జాన్సన్, కెండల్, రాబర్ట్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు రబ్బరు, జెలటిన్ గుండ్లతో ఈ లెక్క తేల్చారు. గుండును ఊడదీసే బలం దాని మెత్తదనాన్ని బట్టి ఉండదట! గుండు సైజు, ఉపరితలాల మధ్య పట్టు, ఈ రెండే లెక్కలోకి వస్తాయి. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అయితే రబ్బరు నొక్కి వదిలితే తిరిగి మునుపటి ఆకారానికి వస్తుంది. సంగటి కొంత సాగి, కొంత జారుతుంది. గరిటెను గబుక్కున లాగితే ఒక అంకె, మెల్లగా లాగితే ఇంకొకటి వస్తుంది. అందుకే ఎంత బలంగా నొక్కారో, ఎంతసేపు ఆనించారో, ఎంత వేగంగా లాగారో అంకె పక్కనే రాసుకోవాలి.

ముద్ద కట్టి గంటయ్యాక కూడా కొలవండి. పైన ఆరి పెచ్చు కట్టి ఉంటుంది, గరిటె సులువుగా వచ్చేస్తుంది. అదే ముద్దను విరిచి లోపల ఆనిస్తే, ఇంకా పట్టుకుంటుంది.