డ్రాగ్ రేసింగ్: ప్రాణాంతక ప్రమాదాలు – చోదకుల భద్రత

వ్యాససంగ్రహం:
తిన్నని దారిపై రెండు వాహనాల మధ్య కొద్ది క్షణాలపాటు సాగే అతివేగపు పోటీ డ్రాగ్ రేసింగ్. అమెరికాలో ఈ క్రీడను నిర్వహిస్తున్న ప్రధాన సంస్థ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్. ఈ సంస్థ పోటీల చరిత్రలోని కొన్ని ప్రమాదాలను, వాటి తరువాత వచ్చిన భద్రతామార్పులను వ్యాసం పరిశీలిస్తుంది. గాయం ఎలా కలిగిందో శోధించి చేసిన మార్పులు నిలిచాయని, వేగాన్ని పరోక్షంగా అదుపుచేయాలని చేసిన మార్పుల ప్రభావం కాలక్రమంలో తగ్గిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డ్రాగ్ రేసింగ్, టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్, నైట్రోమీథేన్, రోల్ కేజ్, పారాచూట్, చోదకభద్రత.

1. ఉపోద్ఘాతం:
రెండవ ప్రపంచయుద్ధం తరువాత కాలిఫోర్నియా యువకులు పాత కార్లకు శక్తిమంతమైన ఇంజన్లు అమర్చి వీధుల్లోను, వాడుకలోలేని విమానాశ్రయాల్లోను పందేలు వేసుకునేవారు. ఈ పందేలను వీధులనుంచి తప్పించి, నియమాలున్న మైదానాలకు తేవాలన్న ఆశయంతో వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. అంటే ఈ సంస్థ పుట్టుకకే భద్రత ఒక కారణం. వీధిలోని ప్రమాదాన్ని మైదానానికి తెచ్చినంతమాత్రాన అది అంతరించలేదు. దాని రూపం మారింది. ఆ రూపాలను వరుసగా గుర్తించి ఎదుర్కొన్న క్రమమే ఈ క్రీడ భద్రతాచరిత్ర.

2. ప్రమాదమూలాలు:
సంప్రదాయంగా డ్రాగ్ పోటీ దూరం పావుమైలు, అంటే 1,320 అడుగులు (402 మీటర్లు). వృత్తిస్థాయి తరగతుల్లో టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్ అనేవి నైట్రోమీథేన్ ఇంధనంతో నడుస్తాయి. టాప్ ఫ్యూయల్ వాహనం సన్నగా, పొడవుగా ఉంటుంది. ఫన్నీ కార్‌కు మామూలు కారును పోలిన తేలికపాటి పైతొడుగు ఉంటుంది. దాని లోపల ఇంజను చోదకుడి ముందుంటుంది.

నైట్రోమీథేన్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది. అందువల్ల అదే పరిమాణం గాలితో పెట్రోలుకంటే ఎన్నోరెట్లు ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. 8.2 లీటర్ల ఇంజను సుమారు 11,000 అశ్వశక్తిని ఇవ్వడానికి ప్రధానకారణం ఇదే. ఈ బలంలోనే అపాయమూ ఉంది. ఒక సిలిండరులో స్పార్క్ ప్లగ్ పనిచేయకపోతే మండని ఇంధనం ద్రవరూపంలో పేరుకుపోతుంది. ద్రవం గాలివలె కుదించుకుపోదు. కాబట్టి పిస్టన్ ఒత్తిడికి ఇంజను భాగాలే పగిలిపోతాయి.

ఇక వేగం. గంటకు 480 కిలోమీటర్ల వేగంతో గీత దాటే వాహనం సెకనుకు 133 మీటర్లు కదులుతుంది. చోదకుడు స్పందించడానికి పావుసెకను పట్టినా ఆలోగా 33 మీటర్లు గడిచిపోతాయి. గతిశక్తి వేగవర్గానికి అనుపాతంలో ఉంటుంది గనుక, ఇదే వాహనం గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పటికంటే దాదాపు 23 రెట్లు గతిశక్తిని కలిగి ఉంటుంది. ఆపడానికి ప్రధానమైన ఆధారం పారాచూట్లు. అందువల్ల గెలుపోటములు గీత వద్ద తేలిపోయినా, ప్రాణాపాయం గీత దాటిన తరువాత కూడా కొనసాగుతుంది. 1996 ఆగస్టు 31న ఇండియానాపోలిస్‌లో అర్హత పరుగు ముగించిన టాప్ ఫ్యూయల్ చోదకుడు బ్లెయిన్ జాన్సన్ వాహనం గీత దాటాకే ఇంజను పేలి, అదుపుతప్పి, పక్కనున్న రక్షణకంచెను ఢీకొంది. ఆ ప్రమాదంలో అతడు మరణించాడు.

3. ఇంజను స్థానం – 1970:
1960లలోని డ్రాగ్‌స్టర్లలో చోదకుడు ఇంజనుకు, గేర్ల యంత్రాంగానికి వెనుక కూర్చునేవాడు. ఏది పేలినా నిప్పు, నూనె, లోహపు ముక్కలు అతడి మీదికే వచ్చేవి. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ వాహనపు గేర్ల యంత్రాంగం బయలుదేరే గీత వద్దనే పేలింది. వాహనం రెండుగా తెగింది. గార్లిట్స్ కుడిపాదంలో కొంతభాగం కోల్పోయాడు. ప్రేక్షకుల్లో ఒకరు తీవ్రంగా గాయపడ్డారు.

కోలుకుంటూనే గార్లిట్స్ ఇంజనును చోదకుడి వెనుకకు మార్చే నమూనాకు పూనుకున్నాడు. అటువంటి ప్రయత్నాలు అంతకుముందూ జరిగాయి. కానీ ఆ వాహనాలు తిన్నగా నడిచేవి కావు. స్టీరింగ్ స్పందనను మందగింపజేయడంతో ఆ చిక్కు తీరింది. 1971లో పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్‌లో ఆ వాహనం గెలిచింది. భద్రమైన నమూనా వేగవంతమైనది కూడా అని రుజువు కావడంతో మిగిలినవారు కొద్దికాలంలోనే దాన్ని అనుసరించారు. ఆదేశంకన్నా విజయమే ఈ మార్పును వ్యాపింపజేసింది.

4. టైరు, ప్రకంపనం – 2004, 2007:
ఇంజను వెనుకకు వెళ్లడంతో ముందునుంచి వచ్చే ముప్పు తగ్గింది. వెనుకనుంచి వచ్చే ముప్పు మిగిలింది. 2004 జూన్ 27న ఇల్లినాయిలోని గేట్‌వే ట్రాక్‌పై టాప్ ఫ్యూయల్ చోదకుడు డారెల్ రస్సెల్ వాహనపు వెనుక టైరు చెదిరిపోయింది. ఆ శిథిలాలు తలకు తగలడంతో అతడు మరణించాడు. ఆ తరువాత చోదకుడిచుట్టూ ఉండే లోహపు చట్రమైన రోల్ కేజ్ వెనుకభాగానికి టైటానియం కవచాన్ని తప్పనిసరి చేశారు.

2007 మార్చి 19న ఫ్లోరిడాలోని గేన్స్‌విల్‌లో, పోటీలో కాదు, పరీక్షాపరుగులో ఫన్నీ కార్ చోదకుడు ఎరిక్ మెడ్‌లెన్ ప్రమాదానికి గురయ్యాడు. టైరు పాక్షికంగా దెబ్బతినడంతో పుట్టిన తీవ్రప్రకంపనం అతడి తలను రోల్ కేజ్‌కు అటూ ఇటూ కొట్టింది. మెదడుకు కలిగిన గాయంతో నాలుగురోజుల తరువాత అతడు మరణించాడు. రాబర్ట్ హబ్బర్డ్, జిమ్ డౌనింగ్ రూపొందించిన హాన్స్ వంటి మెడరక్షణ పరికరాలు ప్రధానంగా తల ముందుకు విసురుకుపోవడాన్ని నిరోధించేవి. మెడ్‌లెన్‌కు దెబ్బ పక్కలనుంచి తగిలింది.

మెడ్‌లెన్ వాహనపు ప్రధాన సాంకేతికుడు అతడి తండ్రి జాన్ మెడ్‌లెన్. జట్టు యజమాని జాన్ ఫోర్స్‌తో కలిసి ఆయన కుమారుడి పేరుతో ఒక పరిశోధన ప్రాజెక్టుకు పూనుకున్నాడు. దాని ఫలితంగా రోల్ కేజ్ విశాలమైంది. తలచుట్టూ మందమైన మెత్తలు వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరు 23న టెక్సస్‌లో ఫోర్స్ వాహనమే రెండుగా విరిగింది. అతడి కాళ్లకు, చేతులకు తీవ్రగాయాలయ్యాయి. కానీ ప్రాణం దక్కింది. తలకు రక్షణ కుదిరిన తరువాత కాళ్లు, చట్రపు దృఢత్వం తదుపరి సమస్యలుగా ముందుకు వచ్చాయి.

5. ఆపే దూరం – 2008:
2008 జూన్ 21న న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో అర్హత పరుగు సందర్భంగా స్కాట్ కలిట్టా ఫన్నీ కార్ ఇంజను పేలింది. పారాచూట్లు సరిగా పనిచేయలేదు. వేగం తగ్గని వాహనం ట్రాక్ చివరనున్న ఇసుకను దాటిపోయి కూలింది. 1994, 1995 సంవత్సరాల్లో టాప్ ఫ్యూయల్ విజేతగా నిలిచిన కలిట్టా ఆ ప్రమాదంలో మరణించాడు.

రెండువారాలు తిరగకముందే సంస్థ నైట్రో తరగతుల పోటీ దూరాన్ని 1,000 అడుగులకు (305 మీటర్లు) తగ్గించింది. దీంతో ఆగడానికి దాదాపు 97 మీటర్లు అదనంగా లభించాయి. ఇంజను అత్యధిక ఒత్తిడికి లోనయ్యే చివరిదశ కూడా తగ్గింది. ఇంజను పేలగానే మనిషి ప్రమేయం లేకుండా ఇంధనాన్ని ఆపి, పారాచూట్లను విడుదలచేసే స్వయంచాలక వ్యవస్థలు తరువాత వచ్చాయి. పావుసెకనులో 33 మీటర్లు గడిచే చోట ఈ ఏర్పాటు విలువ స్పష్టం.

6. మార్పుల పరిమితులు:
ఈ సంస్కరణలకు మూడు పరిమితులు కనిపిస్తాయి. మొదటిది పరిధి. దూరాన్ని నైట్రో తరగతులకే తగ్గించారు. 2010 జూన్‌లో అదే ఇంగ్లిష్‌టౌన్ ట్రాక్‌పై, పావుమైలు పరుగెత్తే ఆల్కహాల్ ఫన్నీ కార్ తరగతి చోదకుడొకరు ట్రాక్ చివర కూలి మరణించాడు. రెండవది దృష్టికోణం. 2010 ఫిబ్రవరిలో ఆరిజోనాలో ఒక వాహనంనుంచి ఊడిన చక్రం తగిలి ఒక ప్రేక్షకురాలు మరణించింది. చోదకుడు క్షేమంగా బయటపడ్డాడు. చోదకుడికి కల్పించిన రక్షణ ప్రేక్షకుడిదాకా చేరదు.

మూడవది సాంకేతిక ప్రగతి. 2017లో రాబర్ట్ హైట్ ఫన్నీ కార్‌లో గంటకు 339.87 మైళ్ల (547 కిలోమీటర్ల) వేగాన్ని అందుకున్నాడు. 2008కి ముందు పావుమైలులో నమోదైన గరిష్ఠవేగాలకంటే ఇది ఎక్కువ. దూరం తగ్గించి తీసివేసిన వేగాన్ని ఇంజనీర్లు తక్కువ దూరంలోనే తిరిగి సాధించారు. అదనంగా దొరికిన 97 మీటర్లను ఆ వేగంతో వెళ్లే వాహనం ముప్పావు సెకనులోపే దాటేస్తుంది.

ముగింపు:
1. ఈ క్రీడలో ప్రధాన భద్రతామార్పులు ముందుచూపుతో కాక, మరణమో తీవ్రగాయమో జరిగిన తరువాత వచ్చాయి.
2. ఒక ముప్పును తొలగించిన మార్పు తరచుగా మరొక ముప్పును బయటపెట్టింది. ఇంజను స్థానం, టైరు, తల, కాళ్లు, ఆపే దూరం అనే వరుస దీనికి నిదర్శనం.
3. గాయం కలిగిన తీరును శోధించి చేసిన రోల్ కేజ్ మార్పుల ప్రయోజనం, వేగం పెరిగినా పూర్తిగా పోదు. వేగాన్ని పరోక్షంగా అదుపుచేసిన దూరపు నిబంధన ప్రయోజనం వేగంతోపాటు తరిగిపోతుంది. కాబట్టి అటువంటి నిబంధనలను కాలానుగుణంగా పునఃపరిశీలించడం అవసరం.
4. 2024 జూన్‌లో వర్జీనియాలో ఇంజను పేలిన ప్రమాదంలో జాన్ ఫోర్స్ మెదడుకు గాయమైంది. అయినా ప్రాణాలతో బయటపడ్డాడు. ఇన్నేళ్ల మార్పులు సాధించిన మేలు, ఇంకా సాధించవలసినది కూడా ఈ ఒక్క ఘటనలోనే తెలుస్తాయి. మనిషి ప్రాణం నిలుస్తున్నది. మెదడును గాయంనుంచి కాపాడే పని ఇంకా పూర్తికాలేదు.