రికార్డులో తప్పుంటే జవాబు ఎవరిది?

అరకు వెళ్లే పర్యాటకులకు బొర్రా అంటే గుహలు. ప్రభుత్వ కంప్యూటర్లకు బొర్రా అంటే అనంతగిరి మండలంలో ఒక పంచాయతీ, దాని కింద గ్రామాలు, వాటి కింద కుటుంబాలు. అక్కడి ఒక గిరిజన కుటుంబం పౌరసరఫరాల శాఖలో బియ్యం కార్డుగా, ఉపాధి హామీలో జాబ్ కార్డుగా, అటవీ హక్కుల చట్టం కింద ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టాగా ఉంటుంది. ఆశా కార్యకర్త రిజిస్టర్లో, బడి హాజరు పట్టీలో, ఓటర్ల జాబితాలో మళ్లీ వేర్వేరుగా కనిపిస్తుంది. ఇంటిపేరు ఒకచోట ముందుంటే మరోచోట చివర ఉంటుంది. పుట్టిన తేదీ తెలియని పెద్దలకు జనవరి 1 అని పడుతుంది. రెండు జాబితాలు సరిపోలని రోజున బియ్యమో పింఛనో ఆగుతుంది. గ్రామ సచివాలయంలో అడిగితే మండలానికి వెళ్లమంటారు, మండలంలో అడిగితే పైనుంచే రావాలంటారు. కావాలని తప్పు రాసినవాళ్లు ఎవరూ లేరు. దాన్ని సరిదిద్దే అధికారం ఎవరిదో మాత్రం ఎక్కడా రాసిపెట్టి ఉండదు.

దాన్ని రాసిపెట్టించి, అమలయ్యేలా చూడడమే ప్రభుత్వ రంగంలో డేటా గవర్నెన్స్ మేనేజర్ ఉద్యోగం.

ఈ ఉద్యోగంలో ఉన్నవారు సాఫ్ట్‌వేర్ రాయరు, సర్వర్లు వేరేవాళ్లు చూసుకుంటారు. వీరు తేల్చవలసినవి కొన్ని ప్రశ్నలు. ఏ సమాచారానికి ఏ శాఖ సొంతదారు? ఫారంలోని ప్రతి గడికి అర్థం ఏమిటి? ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు? పని అయ్యాక ఎప్పుడు చెరిపేయాలి? అమెరికాలో 2019 జనవరిలో వచ్చిన చట్టం ప్రతి ఫెడరల్ సంస్థలో ఒక చీఫ్ డేటా ఆఫీసర్ ఉండాలంది. మన దగ్గర ఆ పని కేంద్ర ఐటీ సంస్థ ఎన్‌ఐసీ, రాష్ట్ర రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ (ఆర్‌టీజీఎస్), శాఖల ఐటీ విభాగాలు, కలెక్టరేట్ల మధ్య చెదిరి ఉంటుంది. అందుకే దాన్ని నెత్తినేసుకున్న అధికారి రోజులో సగం సమావేశాల్లోనే గడుస్తుంది. తన జాబితాను పక్క శాఖకు ఇవ్వడానికి ఏ శాఖకూ ఒక పట్టాన మనసొప్పదు మరి.

పేరు మనకు కొత్త, పని పాతదే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా గ్రామాల్లో భూమి లెక్కలు కరణం చేతిలో ఉండేవి. ఏజెన్సీలో ఊళ్ల గుంపుపై ముఠాదారు శిస్తు వసూలు చేసే ముఠాదారీ పద్ధతికి 1969 నాటి రెగ్యులేషన్ ముగింపు పలికింది. రాసే కలం, దాచే తాళం ఒకే చేతిలో ఉంటే ఏం జరుగుతుందో తెలుగు పల్లెకు ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే కరణం రాసింది తప్పయితే ఎవరి గుమ్మం తొక్కాలో రైతుకు తెలిసేది. ఇప్పటి ఆన్‌లైన్ భూరికార్డు వెబ్‌ల్యాండ్‌లో తప్పు పడితే ఆ గుమ్మం ఎక్కడుందో వెతుక్కోవాలి.

పేరొకటే, ఊర్లు వేరు

మేనేజర్ ముందుగా నేర్చుకునే పాఠం, పేరును నమ్ముకోకూడదని. అనంతగిరి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒకటుంది, తెలంగాణలోని సూర్యాపేట జిల్లాలో ఇంకొకటుంది. పైగా బొర్రా 2022 ఏప్రిల్ 4కు ముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ రోజు పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. పాత ఫైలులో విశాఖ అని, కొత్త ఫైలులో అల్లూరి అని ఉన్నది ఒకే ఊరని యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే విశాఖ జిల్లాలో గిరిజన విద్యార్థులు ఒక్క ఏడాదిలో మాయమైపోయినట్టు గ్రాఫు గీసి చూపిస్తుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాలకు, గ్రామాలకు, పంచాయతీలకు కోడ్‌లు ఇస్తున్నది ఇందుకే. అన్ని శాఖలూ ఆ కోడ్‌లే వాడేలా ఒప్పించడానికి మాత్రం ఓపిక కావాలి.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇంకా పెరుగుతుంది. షెడ్యూల్డ్ తెగల జాబితాలో కొందుల పద్దు కిందే కోది, కోధు, దేశయ కొందు, డోంగ్రియా కొందు, కుట్టియ కొందు వంటి పేర్లున్నాయి. గదబల కింద బోడో గదబ, గుటోబ్ గదబ వంటివి ఉన్నాయి. ఆదివాసీల్లో అత్యంత వెనుకబడిన సమూహాల కోసం 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ లాంటి పథకంలో ఏ కుటుంబం ఏ పేరు కింద నమోదైందన్నదే కీలకం. ఫోన్ యాప్‌లో సరైన పేరు కనిపించకపోతే సర్వేకు వచ్చినవారు దగ్గరగా ఉన్నదేదో నొక్కేస్తారు. ఆ ఒక్క నొక్కుతో ఇల్లు రావలసిన కుటుంబం జాబితా బయట పడొచ్చు.

నిర్వచనం ఎంత పని చేస్తుందో బొర్రాకు అనుభవమే. బొర్రా అటవీ ప్రాంతం, దాని చుట్టూ ఉన్న 14 గ్రామాల పరిధిలో ప్రభుత్వం గిరిజనేతరులకు గనుల లీజులు ఇచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ వ్యక్తీ గిరిజనేతరులకు భూమి బదిలీ చేయరాదన్న నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న మాట ప్రభుత్వానికీ వర్తిస్తుందా అన్న దగ్గర వాదన నిలిచింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు, ముగ్గురిలో ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో, వర్తిస్తుందని తీర్పు చెప్పింది. లీజులు చెల్లకుండా పోయాయి. కోర్టులో అంత వాదన జరిగిన నిర్వచనాలు డేటాబేస్‌లోకి వచ్చేసరికి ఒక కాంట్రాక్టు ఇంజినీరు బల్ల దగ్గర ఐదు నిమిషాల్లో ఖరారైపోతుంటాయి. వాటిని బయటికి తెచ్చి, సంబంధం ఉన్నవారి ముందు పెట్టి, ఒప్పించి, రాతలో పెట్టడం మేనేజర్ బాధ్యత.

ఎవరు చూడొచ్చు?

2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు, కులం, మతం అందరికీ కనిపించేలా ఉన్నాయని బయటపడింది. ఆ తలుపు బద్దలుకొట్టి ఎవరూ లోపలికి వెళ్లలేదు, అది తెరిచే ఉంది. లబ్ధిదారుల జాబితా ప్రజలకు తెలియాలన్న మంచి ఉద్దేశానికి, అందులో ఏ గడులు తెలియకూడదన్న ఆలోచన తోడు కాలేదు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, భద్రతా ఏర్పాట్లు సరిగా చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది. అయితే సంక్షేమ పథకాల విషయంలో ప్రభుత్వానికి వెసులుబాటు ఇచ్చి, సవరణ కోరే హక్కును ప్రధానంగా సమ్మతి మీద తీసుకున్న సమాచారానికే కట్టిపెట్టింది. చట్టం వదిలిన ఈ ఖాళీని శాఖల అంతర్గత నియమాలే పూడ్చాలి.

కొండల్లో సమాచారం బయటపడడం మాటవరసకు చెప్పే ప్రమాదం కాదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్, ప్రధానంగా గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని తలపెట్టింది. సికిల్ సెల్ వంశపారంపర్యంగా వచ్చే రక్త వ్యాధి. వైద్యానికి పరీక్ష ఫలితం తప్పనిసరి. అదే ఫలితం ఊళ్లో పొక్కితే ఒక పిల్ల పెళ్లి సంబంధానికి అడ్డం రావచ్చు. నర్సు ఏం చూడాలి, పై అధికారికి సంఖ్య చాలా, పేరు కూడా కావాలా, పరిశోధకులకు ఏ రూపంలో ఇవ్వాలి అన్నవి పరీక్షలకు ముందే తేలాలి. 2019లో ఆదివాసీ పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా ప్రతిపాదించిన కేర్ సూత్రాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఒక తెగ గురించిన సమాచారం మీద ఆ తెగకు సమష్టిగా అధికారం ఉండాలని, దానివల్ల వచ్చే మేలు వారికే చేరాలని అవి అంటాయి.

నియమాలు రాస్తే చాలదు, రికార్డు సరిగా ఉందో లేదో తనిఖీ చేయాలి. ఆ తనిఖీకి మనకు సొంత నమూనానే ఉంది. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు జరిగాయి. తనిఖీ చేసేవారు మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఈ పని చేశావా, ఈ డబ్బు ముట్టిందా అని అడిగేవారు. తర్వాత అందరి ముందు, అధికారుల సమక్షంలో, ఆ లెక్కలు పైకి చదివేవారు. సంతకం ఉన్నా కూలి అందని వ్యక్తి అక్కడే లేచి చెప్పగలిగాడు. చదవడం రానివారు కూడా తమ రికార్డును తనిఖీ చేయగలిగిన పద్ధతి అది.

శాఖల సమాచారాన్ని ఒకచోట చేర్చే డేటా లేక్‌లో ఎన్ని శాఖలు చేరాయి, డ్యాష్‌బోర్డు ఎంత వేగంగా తెరుచుకుంటోంది అన్నవి పై అధికారులు అడిగే ప్రశ్నలు. మేనేజర్ పనితనం వాటితో తేలదు. తన గురించి ఏం రాశారో బొర్రా పంచాయతీలో మనిషి తన భాషలో వినగలగాలి. తప్పుంటే ఒక్కచోట చెబితే అన్ని జాబితాల్లో మారాలి. మారేదాకా బియ్యం ఆగకూడదు. ఈ మూడూ రాతపూర్వక నియమాలుగా, ఒక అధికారి పేరుతో ఉన్న శాఖలోనే ఆ ఉద్యోగం నిజంగా జరుగుతున్నట్టు.