కలం పట్టాక పాట కట్టేయండి

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తప్ప వాక్యం కదలదనేవాళ్లు ఒక పక్క. చీమ చిటుక్కుమన్నా రాయలేమనేవాళ్లు ఇంకో పక్క. ప్రయోగాలు ఎవరి వైపు ఉన్నాయి?

రాసుకుంటూ పాటలు వినొచ్చా? ఈ వారం ముఖచిత్ర కథనానికి సంపాదకులు ఇచ్చిన ప్రశ్న ఇంతే. కొందరికి పడుతుంది, కొందరికి పడదు అనేసి గడువులోపు పేజీలు నింపేయొచ్చు. ఆదివారం పూట ఎవరినీ నొప్పించని జవాబు అది. కానీ యాభై ఏళ్లుగా దీని చుట్టూ జరిగిన ప్రయోగాలను వరసగా చదువుకుంటూ పోతే అలా తప్పించుకోవడం కుదరదు. చిన్నచిన్న మినహాయింపులు పక్కన పెడితే అవి ఒకే వైపు మొగ్గుతున్నాయి. తమాషా ఏమిటంటే, ఆ ప్రయోగాలు పుట్టకముందే పారిస్‌లో ఒక రోగిష్టి రచయిత పై అంతస్తులోని పొరుగావిడకు రాసిన ఉత్తరాల్లో వాటి సారం చాలావరకు ఉంది. చరిత్రకూ తాజా ధోరణులకూ కేటాయించిన చోటు కూడా ఆ ఉత్తరాలే తినేశాయి. తినదగ్గవే.

ఆ రచయిత మార్సెల్ ప్రూస్ట్ (1871-1922). 'ఇన్ సెర్చ్ ఆఫ్ లాస్ట్ టైమ్' అనే ఏడు సంపుటాల నవలలో పెద్ద భాగం రాసింది బులెవార్ ఓస్మాన్ వీధిలో 102వ నంబరు భవనంలో. 1906 చివర్లో ఆ ఇంట్లో దిగాడు, 1919 దాకా ఉన్నాడు. ఉబ్బసం మనిషి. పగలు పడుకుని, రాత్రంతా మంచం మీదే కూర్చుని రాసేవాడు. వీధి చప్పుడు లోపలికి రాకుండా 1910లో పడకగదికి కార్కు పలకలు కొట్టించాడు. సాహిత్య చరిత్రలో అంతకంటే పేరున్న గది మరొకటి ఉండకపోవచ్చు. గోడలకు కార్కు కొట్టించగలిగాడు గానీ పైవాళ్ల అడుగుల చప్పుడును ఏం చేయగలడు? పై అంతస్తుల్లో చార్లెస్ విలియమ్స్ అనే అమెరికన్ దంతవైద్యుడు, ఆయన భార్య మరీ ఉండేవారు. దంతవైద్యశాల అంటే రోజంతా వచ్చేపోయే జనం, కుర్చీల జరుగుళ్లు. పైగా మరీకి హార్ప్ వాయించడం వచ్చు. ఈ దంపతులకు ప్రూస్ట్ రాసిన 26 ఉత్తరాలు దాదాపు వందేళ్ల తర్వాత, 2013లో ఫ్రెంచిలో పుస్తకంగా వచ్చాయి. వాటిలో 23 ఆమెకే. 2017లో కథారచయిత్రి లిడియా డేవిస్ వాటిని ఇంగ్లిషులోకి తెచ్చింది.

ఫిర్యాదు ఉత్తరాలు ఇంత మర్యాదగా కూడా రాయొచ్చా అనిపిస్తుంది చదువుతుంటే. ముందు ఆమె అభిరుచికి పొగడ్త. తర్వాత ఆమె ఆరోగ్యం గురించి బెంగ, తన జబ్బు సంగతి నాలుగు ముక్కలు. మధ్యలో ఒక పూలగుత్తి, ఒకసారి నెమలిజాతి పిట్టలు నాలుగు, కానుకగా. అప్పుడు గానీ అసలు సంగతి బయటికి రాదు. ఒక ఉత్తరంలో సంగతి చెక్కపెట్టెలు. విలియమ్స్ దంపతులు ఊరెళ్తూ సామాను పెట్టెల్లో సర్ది మేకులు కొట్టించబోతున్నారు. ఆ మేకులేవో ఈ సాయంత్రమే కొట్టించమని ప్రూస్ట్ ప్రార్థన. కుదరకపోతే రేపు సాయంకాలం నాలుగో ఐదో అయ్యాక. పొద్దునే కొట్టక తప్పదంటారా, అయితే నా పడకగది మీద కాదు, వంటగది మీద ఉన్న భాగంలో కొట్టించండి అంటాడు. నవ్వొస్తుంది నిజమే. కానీ జాగ్రత్తగా చూస్తే ఈ మనిషి నిశ్శబ్దం అడగడం లేదు. చప్పుడు ఎప్పుడు వస్తుందో, ఎటునుంచి వస్తుందో ముందే తెలియాలని అడుగుతున్నాడు.

ఇంకో ఉత్తరంలో మాట మరీ విలువైనది. ఆగకుండా సాగే మోత ఎంత పెద్దదైనా తనను బాధించదంటాడు. బాధించేది నేల మీద పడే దెబ్బ. ఈడ్చే వస్తువు, జారిపడే వస్తువు, పరుగెత్తే కాళ్లు. మోత ఎంత పెద్దదన్నది కాదు లెక్క, అది ఎంత మారుతున్నదన్నది లెక్క. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. పగటి చప్పుళ్లు చెడగొట్టింది ఆయన నిద్రను కదా, రాతను ఎలా చెడగొట్టినట్టు? నిజమే, ఈ ఉత్తరాల్లో గోల చాలావరకు నిద్రకూ ఉబ్బసానికీ సంబంధించినదే. అందుకే వీటిని రుజువుగా చూపలేం. కానీ చప్పుళ్లలో ఆయన చేసిన ఆ విభజన చిన్న విషయం కాదు. 1992లో బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త డిలన్ జోన్స్, సహచరులు దాదాపు అదే గీత గీశారు. పట్టించుకోనక్కర్లేని శబ్దం పక్కన మోగుతుండగా వరసగా చూపించిన అంశాలను అదే వరసలో గుర్తుంచుకోమంటే, ఒకే అక్షరం మళ్లీమళ్లీ వినిపించినప్పుడు పెద్దగా నష్టం ఉండదు. అక్షరాలు మారుతూ పోతే జ్ఞాపకం చెదురుతుంది. చెవికి మూత లేదు, మారుతున్న ప్రతి శబ్దాన్నీ అడగకుండానే లెక్కపెడుతుంది.

మారుతూ పోవడం కంటే పాటకు వేరే పనేముంది? పల్లవి మారుతుంది, చరణం మారుతుంది, దరువు మారుతుంది. 2011లో నిక్ పెరమ్, జోయాన్ విజార్డ్ కలిసి చేసిన ప్రయోగం పాటల ప్రియులకు మింగుడుపడదు. కొందరికి వాళ్లకు ఇష్టమైన సంగీతం వినిపించారు, తర్వాత వాళ్లకు గిట్టని భారీ మెటల్ సంగీతం వినిపించారు. వరసను గుర్తుపెట్టుకునే పరీక్షలో రెండూ సమానంగానే దెబ్బతీశాయి. నిశ్శబ్దంలో బాగా చేశారు. 'మూడు, మూడు, మూడు' అని ఒకే అంకె వినిపించినప్పుడూ బాగానే చేశారు. 'నాకిష్టమైన పాట కాబట్టి నన్ను ఇబ్బంది పెట్టదు' అనే వాదన ఇక్కడ నిలబడదు. ఇష్టం మనసుకు ఉంటుంది గానీ చెవికి ఉండదు.

వరస గుర్తుపెట్టుకోవడం వేరు, రాయడం వేరు అనొచ్చు. అందుకే రాత మీదే జరిగిన పనిని చూడాలి. 2001లో సారా రాన్స్‌డెల్, లీ గిల్‌రాయ్ 45 మంది విద్యార్థుల చేత కంప్యూటర్ మీద వ్యాసాలు రాయించారు. ఎవరు ఎంత వేగంగా టైపు చేస్తారో లెక్కలోంచి తీసేసి చూసినా, వెనక సంగీతం మోగుతున్నప్పుడు రాత ధార తగ్గింది. పాడే సంగీతమైనా, వాద్య సంగీతమైనా. 2012లో పాట్రిక్ సోర్క్విస్ట్ బృందం ఇంకొంచెం లోతుకు వెళ్లింది. రాసేవాళ్లకు ఒకసారి మామూలు మాటలు వినిపించారు. ఇంకోసారి ఆ మాటల ఎగుడుదిగుడులు అలాగే ఉంచి, ఒక్క ముక్క కూడా అర్థంకాకుండా తారుమారు చేసిన శబ్దం వినిపించారు. రాతను ఎక్కువగా చెడగొట్టింది అర్థమయ్యే మాటలే. స్వీడన్‌లో తర్వాత జరిగిన పరిశోధనల్లో, ఒక్క గొంతు మాట్లాడితే జరిగేంత నష్టం ఏడు గొంతులు కలిసి గోలగా మారినప్పుడు జరగలేదు. గోలలో మాట కరిగిపోతుంది. ఒంటరి గొంతు నేరుగా వాక్యంలోకి దూరుతుంది.

ఎందుకిలా జరుగుతుందో వివరించడానికి 1974లో అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ ఇచ్చిన నమూనా ఇప్పటికీ పనికొస్తుంది. మాటలను కొన్ని క్షణాలపాటు లోపల పలుకుతూ పట్టి ఉంచే చోటు ఒకటి మనసులో ఉందని వాళ్లన్నారు. రాసేవాడి పని అంతా అక్కడే జరుగుతుంది. వాక్యం కాగితం మీదకి రాకముందు లోపలి గొంతు దాన్ని ఒకసారి పలికి చూస్తుంది. పాట కూడా అదే చోటు అడుగుతుంది. పైగా కంఠతా వచ్చిన సినిమా పాటైతే మన ప్రమేయం లేకుండానే లోపలి గొంతు దానితో కలిసి పాడేస్తుంది. తెలుగులో రాసేవాళ్లకు ఇది ఇంకాస్త బరువని నా అనుమానం. మన వాక్యంలో క్రియ చివరిదాకా రాదు. 'వచ్చి', 'చూసి', 'అనుకుని', 'చెప్పబోతే' అని అల్లుకుంటూ పోయిన వాక్యాన్ని ముగించేదాకా కర్త ఎవరో పట్టుకుని ఉండాలి. ఆ పట్టు జారితే మధ్యలో తప్పిపోయిన వాక్యం వస్తుంది. పత్రికల డెస్కుల్లో కూర్చునేవాళ్లకు అలాంటి వాక్యాలు కొత్త కాదు.

అయితే అర్థం కాని భాషలో పాట పెట్టుకుంటే సరిపోతుందిగా అని అడుగుతారు. 2019లో ఎమ్మా థ్రెడ్‌గోల్డ్ బృందం ఈ తిరకాసునూ పరీక్షించింది. మూడు మాటలిచ్చి, మూడింటితోనూ కలిసే నాలుగో మాట కనుక్కోమన్నారు. తెలియని భాషలో పాట, తెలిసిన భాషలో పాట, మాటల్లేని సంగీతం, మూడూ చేటే చేశాయి. గ్రంథాలయంలో వినిపించే సన్నటి సందడి మాత్రం నిశ్శబ్దం కంటే హీనం కాలేదు.

మోజార్ట్ మోజు, కాఫీ షాపు మోజు

ఎదుటి పక్షం చేతిలో ఉన్న గట్టి కాగితాలు రెండు. మొదటిది 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం. మోజార్ట్ సొనాటా పది నిమిషాలు విన్న 36 మంది కాలేజీ విద్యార్థులు ఆకారాల పరీక్షలో మెరుగయ్యారన్నది సారాంశం. దాన్నుంచి 'మోజార్ట్ వింటే తెలివి పెరుగుతుంది' అనే వ్యాపారం పుట్టింది. 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం అందించడానికి 1,05,000 డాలర్లు ప్రతిపాదించాడు. అసలు వ్యాసంలో ఆ ప్రభావం పావుగంటకు మించి నిలవలేదనీ, పరీక్ష కాగితాలు మడిచి కత్తిరించే ఆకారాల గురించే గానీ రాత గురించి కాదనీ ఎవరికీ పట్టలేదు. అంతకంటే ముఖ్యం, ఆ విద్యార్థులు సంగీతం విన్నది పరీక్షకు ముందు. పరీక్ష రాస్తూ కాదు.

రెండోది 2012 నాటిది. రవి మెహతా, రుయ్ (జూలియట్) ఝూ, అమర్ చీమా కలిసి 50, 70, 85 డెసిబెల్స్ చప్పుళ్ల మధ్య జనానికి సృజనకు సంబంధించిన పనులిచ్చారు. 70 దగ్గర ఎక్కువ మెరుగ్గా చేశారు. కాఫీ షాపు గోలను అమ్మే యాప్‌లకు అదే పెట్టుబడి అయింది. ఈ ప్రయోగాన్ని కొట్టిపారేయను. కాస్త గోల ఉంటే మనసు కొంచెం చెదిరి, దూరపు ఆలోచనలు తడతాయన్నది నమ్మదగ్గ మాటే. కానీ అక్కడ మోగింది పాట కాదు, ఫలహారశాల జనం గోల, వీధి వాహనాలు, దూరంగా కట్టడం పని కలిపిన మిశ్రమం. కొలిచింది ఆలోచన తట్టడాన్నే. తట్టినదాన్ని వాక్యంలో పెట్టడం దాని తర్వాతి పని. 2000 సంవత్సరం నాటి మన శబ్దకాలుష్య నియమాల్లో వ్యాపార ప్రాంతానికి పగటి పరిమితి 65 డెసిబెల్స్, ఇళ్లుండే చోట 55. అంటే వాళ్లు 'మధ్యస్థం' అన్నది మన బజారుకు కూడా చట్టం ఒప్పుకోని మోత. వాళ్లు 'తక్కువ' అన్న 50 మన ఆసుపత్రులు, బడుల దగ్గర నిశ్శబ్ద మండలానికి గీసిన గీత.

హడావుడిగా కొంత చరిత్ర

1853లో రచయిత థామస్ కార్లైల్ లండన్ ఇంటి పైకప్పు మీద చప్పుడు రాని గది కట్టించుకున్నాడు, కింద వినిపించనివి కూడా అక్కడ వినిపించాయి. గణిత యంత్రాల ఛార్లెస్ బాబేజ్ వీధి సంగీతగాళ్లు తన పనిశక్తిలో నాలుగోవంతు తినేశారని వాపోయాడు. 1864లో వాళ్లను అదుపు చేసే చట్టం వచ్చింది, దానికి మద్దతుగా డికెన్స్, టెన్నిసన్ సంతకాలు చేశారు. తర్వాత సంగీతమే పని దగ్గరికి వచ్చింది: 1940లో బీబీసీ కార్మికుల కోసం 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 1979లో సోనీ వాక్‌మన్, ఆ తర్వాత జేబులో ఫోను.

ట్యూన్‌కి రాసేవాళ్ల సంగతి వేరు

సినిమా కవి ట్యూన్ వింటూనే రాస్తాడు కదా అనేవాళ్లకు జవాబు సులువు. ఆ ట్యూన్ పనికి అడ్డు కాదు, అదే పని. పైగా దానికింకా మాటల్లేవు, ఉన్నవి తననాలూ డమ్మీ పదాలూ. అదే కవి ఇంకొకరి పాట వింటూ తన పాట రాయడానికి కూర్చుంటే తెలుస్తుంది. నాట్ల పాటలూ దంపుళ్ల పాటలూ అంతే. అక్కడ చేతికి పని, నోరు ఖాళీ. రాతలో ఆ ఖాళీ లేదు.

ఇక మిగిలింది స్టీఫెన్ కింగ్. ఏసీ/డీసీ, మెటాలికా లాంటి గట్టి రాక్ పెట్టుకుని రాస్తానని తన 'ఆన్ రైటింగ్' (2000)లో చెప్పుకున్నాడు. కానీ ఆయన ఇచ్చిన కారణం చూడాలి: అది తలుపు మూసుకోవడానికి ఇంకో పద్ధతి. అంటే లోకం చప్పుడు మీద ఇంకో చప్పుడు కప్పడం. బయట ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే, ఆ ఒక్క గొంతు కంటే ఒకే తీరుగా సాగే మోత మేలు. దీన్ని ఒప్పుకోవాలి. ఇంకో మినహాయింపూ ఉంది: ఏకాగ్రత లోపం (ఏడీహెచ్‌డీ) ఉన్న పిల్లలకు ఒకే తీరు హోరు వినిపిస్తే జ్ఞాపకం మెరుగైందనీ, మిగతా పిల్లలకు తగ్గిందనీ 2007లో యోరన్ సోడెర్లుండ్ బృందం చూపించింది. అక్కడ కూడా మేలు చేసింది హోరే గానీ పాట కాదు. అలవాటు వల్ల పాట లేనిదే కూర్చోబుద్ధి కాదనేవాళ్లు నిజమే చెబుతున్నారు, కానీ వాళ్లు చెప్పేది కూర్చోవడం గురించి. కూర్చోబెట్టడం వరకు పాట చేసే సాయాన్ని ఎవరూ కాదనరు. మళ్లీ ప్రూస్ట్ దగ్గరికి వస్తే, సంగీతమంటే ఆయనకు ప్రాణం. ఫోను తీగ మీద ఒపెరా వినడానికి 1911లో చందా కట్టాడు, 1916లో ఒక రాత్రి నలుగురు వాద్యకారులను ఇంటికే పిలిపించి ఫ్రాంక్ అనే స్వరకర్త కృతి వాయింపించుకున్నాడు. వినాలనుకున్నప్పుడు విన్నాడు, దానికి పూర్తిగా చెవి ఇచ్చి.

కాబట్టి తీర్పు: కలం పట్టేముందు పాట వినండి, మూసేశాక వినండి. సాపు రాసేటప్పుడు, రాసినదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు పెట్టుకున్నా పెద్ద నష్టం లేదు. కొత్త వాక్యం పుట్టేటప్పుడు మాత్రం కట్టేయండి. చుట్టూ గోల తప్పదంటే ఫ్యాను మోత, వాన చప్పుడు లాంటి మారని శబ్దం చాలు, దానికి చందాలు కట్టక్కర్లేదు. ఇంట్లో పిల్లలు వ్యాసం రాసుకుంటుంటే వాళ్ల హెడ్‌ఫోన్స్ మీద కేకలేసేముందు హాల్లో టీవీ సీరియల్ ఆపండి. అందులో ఒకరి తర్వాత ఒకరు, స్పష్టంగా, అర్థమయ్యే తెలుగులో మాట్లాడతారు. ప్రయోగాల్లో రాతను ఎక్కువగా చెడగొట్టింది అలాంటి శబ్దమే.