ఫార్మాట్ కొట్టే ముందు...

2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి ఉచిత సపోర్టు ఆపేసింది. విండోస్ 11కి సరిపడని పాత ల్యాప్‌టాప్‌ను పారేయలేక ఉబుంటు, మింట్ లాంటి లైనక్స్ వేసుకున్నవారు చాలామంది ఉన్నారు. వారిలో కొందరికి ఎదురయ్యే చిక్కు ఒకటే: పని మధ్యలో తెర బిగుసుకుపోతుంది, మౌస్ కదలదు. షాపుకు తీసుకెళ్తే మొదట వినిపించే మాట, ‘ఫార్మాట్ కొట్టేద్దాం’.

తొందరపడి ఒప్పుకోకూడదు. లోపం ర్యామ్‌లోనో ప్రాసెసర్‌లోనో ఉంటే ఫార్మాట్‌తో పోదు. పైగా హ్యాంగ్ అయ్యే ముందు ఏం జరిగిందో లైనక్స్ రాసిపెట్టుకున్న లాగ్ కూడా చెరిగిపోతుంది.

ఈసారి హ్యాంగ్ అయినప్పుడు పవర్ బటన్ మీదికి చెయ్యి పోనీయకుండా క్యాప్స్‌లాక్ నొక్కి చూడాలి. నొక్కిన ప్రతిసారీ దాని లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ బతికే ఉన్నట్టు. వెలగకపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్లటి తెర మీద లాగిన్ అడగొచ్చు. అడిగిందంటే బిగుసుకున్నది డెస్క్‌టాప్ మాత్రమే. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాలి. అదీ రాకపోతే ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ పట్టుకుని ఎస్, యు, బి ఒక్కొక్కటిగా, కాస్త ఆగి ఆగి నొక్కాలి. ఎస్‌తో డిస్కుకు చేరాల్సిన సమాచారం చేరుతుంది, యుతో డిస్కులో ఇక రాతలు ఆగుతాయి, బితో రీస్టార్ట్ అవుతుంది. ఉబుంటులో ఈ మూడూ మామూలుగానే పనిచేస్తాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి.

మళ్లీ ఆన్ అయ్యాక, జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో అంతకుముందటి బూట్ లాగ్ తెరిచి చివరి వరుసలు చదవాలి. అక్కడ ‘అవుట్ ఆఫ్ మెమరీ’ కనిపిస్తే దొంగ దొరికినట్టే. 4 జీబీ ర్యామ్ మీద బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు తెరిస్తే జరిగేది ఇదే: డిస్కు లైటు ఆగకుండా మిణుకుమంటుంది, మిగతాదంతా నిలిచిపోతుంది. ఈ బాధ తెలిసే ఫెడోరా 2020లో, ఉబుంటు 2022లో మెమరీ పూర్తిగా నిండకముందే బరువైన ప్రోగ్రామ్‌ను ఆపేసే ఏర్పాటు చేశాయి. ర్యామ్‌లోని సమాచారాన్ని కుదించే జీర్యామ్ పెట్టుకున్నా, డిస్కులోని స్వాప్ జాగా పెంచుకున్నా కొంత ఊరట.

లాగ్‌లో ఏ తప్పూ లేకుండా రాత ఉన్నట్టుండి తెగిపోయిందా? అప్పుడు చూపు హార్డ్‌వేర్ మీదికి మళ్లాలి. ఇంటెల్ బే ట్రైల్ చిప్‌ల కథ ఇందుకు మంచి ఉదాహరణ. చవక ల్యాప్‌టాప్‌లలో వచ్చిన ఈ చిప్‌లు ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం గాఢనిద్రలోకి జారేవి, కొన్నిసార్లు అక్కడే ఉండిపోయేవి. 2015లో కెర్నల్ డెవలపర్ల ముందుకొచ్చిన ఈ ఫిర్యాదు ఏళ్ల తరబడి నడిచింది. ఆ నిద్ర లోతుకు హద్దు పెట్టే ఒక బూట్ సెట్టింగ్‌తో ఎందరో ఆ గండం గట్టెక్కారు. వారు ఫార్మాట్ ఎన్నిసార్లు కొట్టినా ఫలితం ఉండేది కాదు!

హార్డ్‌వేర్ చిక్కులకు దుమ్ము కూడా కారణం కావొచ్చు. వికారాబాద్ జిల్లా తాండూరు వారికి ఇది మరీ ముఖ్యం. నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, బండల లారీలు, సిమెంటు ఫ్యాక్టరీల మధ్య ఉండే ఊరది. వాటి దుమ్ము ల్యాప్‌టాప్ ఫ్యాన్‌కూ, వేడి బయటికి పంపే పలుచటి రేకులకూ మధ్య మెత్తటి పొరలా పేరుకుంటుంది. బయటి నుంచి చూస్తే జాలీ శుభ్రంగానే కనిపిస్తుంది. అడుగు మూత తీస్తేనే అసలు రంగు తెలుస్తుంది. గాలి ఆడకపోతే ప్రాసెసర్ మొదట వేగం తగ్గించుకుంటుంది, వేడి హద్దు దాటితే ఏకంగా ఆఫ్ అవుతుంది. ఫ్యాన్ తిరగకుండా పుల్లతో అదిమిపట్టి బ్లోయర్‌తో ఊదాలి. ర్యామ్ మీద అనుమానముంటే మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడపాలి, డిస్కు ఆరోగ్యాన్ని స్మార్ట్ రిపోర్టులో చూడాలి.

వికారాబాద్‌లోనో తాండూరులోనో ఉండి, హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు రైలెక్కాల్సి వస్తే ముందు ఫైళ్లన్నీ బ్యాకప్ తీసుకోండి. హ్యాంగ్ అయిన వేళ, అప్పుడు తెరిచి ఉన్న ప్రోగ్రాములు, లాగ్‌లోని చివరి పది వరుసలు ఒక కాగితం మీద రాసి మెకానిక్ చేతిలో పెట్టండి.