నగరపు సైకిలు

హైదరాబాదు వీధులలో సైకిలును చూచి దాని యజమాని వృత్తిని చెప్పవచ్చును. ఇరువైపుల పాలక్యానులు, హ్యాండిలుకు దినపత్రికల సంచి, క్యారియరుపై టిఫిను డబ్బా - ఇవియే వారి పరిచయపత్రములు. విద్యార్థి సైకిలుకు మాత్రము బెల్లు తప్ప అన్నియు మోగునని లోకము హాస్యమాడును.

బరువు మోయు ఆ నల్లని 28 అంగుళముల బండికి మూలము 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీలో స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలు. దాదాపు సమానమైన రెండు చక్రములు, వెనుక చక్రమును త్రిప్పు గొలుసు దాని ప్రత్యేకతలు. ముందరి పళ్ళచక్రమునకు 44, వెనుకదానికి 18 పళ్ళున్నచో పెడలు ఒక చుట్టు తిరుగగా బండి సుమారు ఐదున్నర మీటర్లు సాగును. సమతలముపై ఇది హాయి. గేర్లు లేనందున బంజారాహిల్స్ ఎత్తున దిగి నెట్టుట తప్పదు; అందు నామోషీ ఏమియు లేదు.

వానలో మాత్రము మెలకువ అవసరము. తడిసిన ఉక్కు రిమ్ముపై రబ్బరు బ్రేకు జారును. బండి మామూలుకన్న చాల దూరము పోయి నిలుచును. కావున ముందుగానే మెల్లగా నొక్కుచు, రిమ్ముపై నీటిని తుడిచివేసి, పిదప గట్టిగా నొక్కవలెను.

2023లో ఔటర్ రింగురోడ్డు ప్రక్కన సౌరఫలకముల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట వెలసినది. మెచ్చదగినదే, కాని అది వ్యాయామమునకు పోవువారికి చేరువ. పాతబస్తీలో పాలు మోయువానికి, కళాశాలకు వచ్చు విద్యార్థికి బస్సుల, ఆటోల నడుమనే దారి. రోడ్డు మన చేతిలో లేదు. ఎండలో నిలిచిన టైరు త్వరగా పగులును గనుక, ఆవరణలో రేకుల కప్పుగల స్టాండు, ఒక గాలిపంపు ఏర్పరచుట కమిటీవారికి పెద్ద వ్యయము కాదు.