రెండవ మానిటరు

రెండవ మానిటరు అనగా కంప్యూటరుకు ఉన్న తెరకు తోడుగా కలుపబడిన మరియొక తెర. ఇది రెండు విధములుగా పనిచేయును. మొదటి తెరపై ఉన్నదే రెండవదానిపై కూడ కనబడుట ఒక పద్ధతి. దీనిని డూప్లికేట్ అంటారు. రెండు తెరలు కలిసి ఒకే వెడల్పయిన తెరవలె మారుట మరియొకటి. దీనిని ఎక్స్‌టెండ్ అంటారు. ఆపిల్ వారి మాకింతోష్ 2 (1987) లోను, విండోస్‌లో 98 కూర్పు (1998) నుండియు ఈ సదుపాయము కలదు.

ఆధార్ కేంద్రములోని తెర

సామాన్య ప్రజలకు పరిచయమైన రెండవ తెర ఆధార్ నమోదు కేంద్రములోనిది. నిజామాబాదు, బోధన్‌లలో గాని, దేశమున మరెక్కడ గాని, నమోదు చేయువాని తెరతో పాటు దరఖాస్తుదారుడు చూచుటకు వేరొక తెర ఉండవలెనని భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ నియమము. ఇది డూప్లికేట్ పద్ధతి. టైపు చేయుచున్న పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఎదుటివారికి వెంటనే కనబడును. నిజామాబాదు జిల్లా నుండి గల్ఫ్ దేశములకు పనికై వెళ్ళువారు ఎక్కువ. ఆధార్‌లో పేరు ఒక తీరుగా, పాస్‌పోర్టులో మరియొక తీరుగా ఉన్నచో సరిచేయించుకొనుటకు కూలి మానుకొని తిరుగవలసివచ్చును. చదువురానివారు ఆ తెరను చదివిపెట్టగల వారిని వెంట తీసికొనిపోవుట మంచిది.

ఇంటిలో ఉపయోగము

ఇంటిలో ఎక్కువగా పనికివచ్చునది ఎక్స్‌టెండ్ పద్ధతి. ఉదాహరణకు బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారము (స్థాపన 1937, మూత 2015) గురించి వ్యాసము వ్రాయు విద్యార్థి ఒక తెరపై మూలపత్రమును తెరచి ఉంచుకొని రెండవదానిపై టైపు చేసికొనవచ్చును. ఒకే తెరపై అటునిటు మార్చుచు వ్రాసినచో అంకెలు తారుమారగుట సహజము.

పోర్టులు, తీగలు

మానిటరు కొనుటకు ముందు కంప్యూటరు వెనుకభాగమును చూడవలెను. వీజీఏ (1987) పోర్టు సాధారణముగా నీలిరంగులో, మూడు వరుసలలో 15 రంధ్రములతో ఉండును. డీవీఐ (1999) వెడల్పయినది, ఎక్కువగా తెలుపు రంగుది. హెచ్‌డీఎంఐ (2002), డిస్‌ప్లేపోర్టు (2006) చిన్నవి, చదునైనవి.

వీజీఏ అనలాగ్ సంకేతమును, హెచ్‌డీఎంఐ డిజిటల్ సంకేతమును పంపును. కావున వీటి మధ్య ఒట్టి తీగ చాలదు. సంకేతమును మార్చు కన్వర్టరు కావలెను. అదియు ఒక దిశలోనే పనిచేయును. హెచ్‌డీఎంఐ నుండి వీజీఏకు మార్చునది తిరుగవేసి తగిలించినచో పనిచేయదు. ఒక పోర్టును రెండుగా చీల్చు స్ప్లిటర్ చవకగా దొరకును గాని, అది రెండు తెరలపై ఒకే దృశ్యమును చూపును. ఎక్స్‌టెండ్ కావలెనన్న రెండు వేరు పోర్టులు ఉండవలెను. ఒకటే ఉన్నచో యూఎస్‌బీకి తగిలించు డిస్‌ప్లే అడాప్టరు వాడవచ్చును.

ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు రెండు తీగలను ఆ కార్డుకే తగిలించవలెను. కార్డు అమర్చిన పిమ్మట చాల కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది పోర్టు పనిచేయుట మానును. తెర నల్లగా ఉన్నంతమాత్రమున మానిటరు చెడిపోయినదని దుకాణమునకు మోసికొనిపోనక్కరలేదు.

అమరిక

కంప్యూటరును, మానిటరును ఆపి తీగను తగిలించి మరలు బిగించవలెను. ఆన్ చేసిన తరువాత విండోస్ మీటను, పి మీటను కలిపి నొక్కినచో (విండోస్ 7, 2009 నుండి) పద్ధతిని ఎంచుకొనవచ్చును. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అంకెలతో రెండు పెట్టెలు కనబడును. బల్లపై ఎడమనున్న తెర పెట్టెను ఎడమవైపునకే జరుపవలెను. లేనిచో మౌస్ బాణము ఎదురుదిక్కుకు పోవును.

తెలుగు అక్షరములు

ఎల్‌సీడీ తెర తన సహజ రిజల్యూషన్‌లోనే (1366×768, 1920×1080 వంటివి) స్పష్టముగా ఉండును. డూప్లికేట్ పద్ధతిలో రెండు తెరల కొలతలు వేరైనచో ఒకటి మసకబారవచ్చును. ఇంగ్లీషులో ఇది అంతగా తెలియదు గాని, తెలుగులో ఒత్తులు కలిసిపోవును. ద-ధ, ప-ఫ భేదమును తెలుపు చిన్నగీత చెరిగిపోవును. అప్పుడు అక్షరములను పెద్దవి చేసి చూడవలెను. ఆధార్ కేంద్రములోనైనను అట్లు చూపమని అడుగవచ్చును.

విద్యుత్తు

పాత సీఆర్‌టీ తెర ఎల్‌సీడీ కంటె చాల ఎక్కువ విద్యుత్తు తీసికొనును. రెండు తెరలను ఇంటి చిన్న యూపీఎస్‌కే తగిలించినచో కరెంటు పోయినప్పుడు అది నిలుచు సమయము తగ్గును. రెండవ తెరను నేరుగా గోడ సాకెట్టుకు పెట్టుకొనవచ్చును. కరెంటు పోయిన ఆ తెర మాత్రమే ఆరును, కంప్యూటరులోని పని పోదు.