మూత మీద చెయ్యి
ఇంజన్‌లో నీళ్లు మరగకుండా కాచేది అరచేతిలో ఇమిడే రేడియేటర్ క్యాప్. దాని సంగతి లారీ డ్రైవర్లకు తెలిసినంతగా కారు యజమానులకు తెలియదు

మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో సర్చు దాటాక గాటా లూప్స్ మొదలవుతాయి. ఒకే కొండ మీద 21 హెయిర్‌పిన్ మలుపులు. ఆఖరి మలుపు తిరిగేసరికి సముద్రమట్టానికి 4,600 మీటర్ల పైన ఉంటాం. ఇంకో నాలుగైదు మలుపులు ఉన్నాయనగా ఒక లారీ ఓ పక్కకు ఆగిపోయి కనిపించింది. ముందు నుంచి ఆవిరి బుసలు కొడుతోంది. డ్రైవర్ మాత్రం ఏ కంగారూ లేకుండా రాయి మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

మా ట్యాక్సీలోని కుర్రాడొకడు సాయం చేద్దామని నీళ్ల సీసాతో దిగాడు. నేరుగా వెళ్లి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు. అంతే, డ్రైవర్ ఒక్క ఉదుటున లేచి వాడి మణికట్టు పట్టుకున్నాడు. తిట్టలేదు. తన కుడిచేతి చొక్కా పైకి మడిచి చూపించాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ముడతలు పడి మెరుస్తున్న పాత కాలిన మచ్చ. కుర్రాడు సీసా పట్టుకుని వెనక్కి వచ్చేశాడు.

పొయ్యి మీదున్న కుక్కర్ మూతను బలవంతంగా తీయమంటే ఎవరూ తీయరు. బానెట్ కింద ఉన్నదీ ఒక కుక్కరేనని మాత్రం చాలామందికి తోచదు. పోలిక మాట వరసకు చెప్పింది కాదు. మన ఇళ్లలో కుక్కర్ వెయిట్ సాధారణంగా చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి దగ్గర లేస్తుంది. చాలా కార్ల క్యాప్‌ల మీద ముద్రించి ఉండే అంకె 0.9 లేదా 1.1. అదీ అదే కొలత.

ఇంధనం కాలినప్పుడు పుట్టే వేడిలో స్థూలంగా మూడో వంతే బండిని నడుపుతుంది. మరో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన దాన్ని ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లు మోసుకెళ్లి రేడియేటర్‌లో గాలికి వదలాలి. ఆ నీళ్లు నీళ్లుగా ఉన్నంతసేపే ఈ పని సాగుతుంది. సిలిండర్ హెడ్‌లో బాగా కాలే చోట్ల ఆవిరి బుడగ కూర్చుందంటే అక్కడి లోహానికి రక్షణ పోయినట్టే. వేడిని లాక్కోవడంలో నీటి ముందు ఆవిరి ఎందుకూ కొరగాదు. అప్పుడే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది, బిల్లు వేలల్లోకి వెళుతుంది.

అందుకే మూత. ఒత్తిడి పెంచడానికి విడిగా ఏ పంపూ లేదు. నీళ్లు వేడెక్కి వ్యాకోచిస్తాయి. పోవడానికి దారి ఉండదు. క్యాప్ అడుగున రబ్బరు రింగు, దాన్ని అదిమి పట్టే గట్టి స్ప్రింగు ఉంటాయి. ఒత్తిడి 0.9 చేరేదాకా స్ప్రింగు కదలదు. ఆ ఒత్తిడిలో సముద్రమట్టం దగ్గర నీరు 100 డిగ్రీలకు మరగదు, దాదాపు 118 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. కూలెంట్ కలిపితే ఇంకాస్త. రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలున్న రోజున ఈ వెసులుబాటు విలువ తెలుస్తుంది. రేడియేటర్‌కూ బయటి గాలికీ మధ్య వేడి తేడా ఎంత ఎక్కువుంటే చల్లబడటం అంత తేలిక.

ఇక్కడ, గాటా లూప్స్‌లో, లెక్క మారిపోతుంది. ఈ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో సగానికి కాస్తే ఎక్కువ. మూత లేని గిన్నెలో నీరు 85 డిగ్రీలకే మరుగుతుంది. దారిలోని గుడారాల హోటళ్లలో కుక్కర్ లేనిదే పప్పు ఉడకదు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదిలేదే 82 నుంచి 88 డిగ్రీల మధ్య. అంటే క్యాప్ పని చేయకపోతే, ఇంజన్ మామూలుగా ఉండాల్సిన వేడి దగ్గరే ఇక్కడ నీళ్లు మరిగిపోతాయి. క్యాప్ బాగుంటే మరుగు స్థానం దాదాపు 110 డిగ్రీలు. స్ప్రింగు తన 0.9ని బయటి గాలి ఒత్తిడికి కలుపుతుందే తప్ప తగ్గిన గాలిని పూడ్చలేదు. కాబట్టి కింద ఉండే 118 ఇక్కడ దొరకదు. పైగా పలచని గాలి రేడియేటర్‌ను చల్లబరచడమూ తక్కువే.

ఆ లారీకి జరిగింది ఇదే. క్యాప్ రబ్బరు ఎప్పుడో పగిలింది. మైదానంలో ఎవరికీ తెలియలేదు, నీళ్లకు 100 డిగ్రీల దాకా గడువుంది కదా. మనాలీలో ఆ గడువు 93కి తగ్గింది. గాటా లూప్స్‌లో ఇంకేమీ మిగల్లేదు. 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే బాధ తప్పింది గానీ బారాలాచా, లాచుంగ్, తంగ్లాంగ్ కనుమలు అలాగే ఉన్నాయి. తంగ్లాంగ్ ఎత్తు 5,328 మీటర్లు. అక్కడ మూత లేని నీరు 82 డిగ్రీలకే మరుగుతుంది.

మూతలో ఇంకో వాల్వ్ ఉందని నాకు తెలిసింది సొంత ఖర్చుతో. చదివింది రాజనీతిశాస్త్రం. ఒత్తిడి అనగానే ప్రెషర్ గ్రూపులే గుర్తొచ్చేవి. ఒక వేసవిలో శ్రీశైలం ఘాట్‌లో కారు హీటెక్కింది. హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక పెద్ద గ్యారేజీలో చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజన్ విప్పాలన్నారు. ఎస్టిమేట్ ఐదంకెల్లో వేశారు. మనసొప్పక మా వీధి చివరి షెడ్డుకు తీసుకెళ్లాను. ఆ మెకానిక్ బండి స్టార్ట్ చేయనివ్వలేదు. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే బానెట్ ఎత్తించాడు. పై హోస్ పైపు నొక్కేసిన గొట్టంలా చప్పబడి ఉంది. పక్కనున్న కూలెంట్ డబ్బా నిండా నీళ్లు. రేడియేటర్‌లో మాత్రం వెలితి.

క్యాప్ తిప్పి నడిమధ్య బొత్తమంత వాల్వ్ చూపించాడు. వేడెక్కినప్పుడు పెద్ద వాల్వ్ తెరుచుకుని ఎక్కువైన నీళ్లను డబ్బాలోకి పంపుతుంది. చల్లబడ్డాక నీళ్లు కుంచించుకుని లోపల శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు ఈ చిన్న వాల్వ్ తెరుచుకుని పోయిన నీళ్లను వెనక్కి లాగాలి. నా క్యాప్‌లో అది తుప్పు, మడ్డి పట్టి బిగుసుకుపోయింది. వెళ్లిన నీళ్లు వెళ్లినట్టే. కొత్త క్యాప్‌కు మూడు వందలు కూడా కాలేదు. గ్యాస్కెట్ పోయినా ఇంజన్ వేడెక్కుతుంది, నిజమే. కానీ ముందు చూడాల్సింది చవకైన భాగాన్ని. చేతి పంపుతో క్యాప్‌ను పరీక్షించే మీటరు ఉంటుంది. ఆ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు.

గట్టిదని 0.9 ఉన్న చోట 1.1 బిగించే షెడ్లూ ఉన్నాయి. అది మేలు కాదు. ఆ అదనపు ఒత్తిడి పాత హోస్ పైపుల మీద, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకుల మీద పడుతుంది. వేసవి కదా అని మూత వదులుగా ఉంచే పాతకాలపు అలవాటు ఇంకా చెడ్డది. ఉష్ణోగ్రత ముల్లును కూడా పూర్తిగా నమ్మలేం. నీళ్లు సెన్సర్ కిందికి జారిపోతే ఇంజన్ మాడుతున్నా ముల్లు దిగిపోవచ్చు.

ఇక ఆ డ్రైవర్ చేతి మీది మచ్చ. 118 డిగ్రీల్లో ఉన్న ఐదు లీటర్ల నీటి మీద ఒత్తిడి హఠాత్తుగా పోతే అందులో మూడు శాతానికి పైగా ఆ క్షణంలోనే ఆవిరవుతుంది. వినడానికి తక్కువే. కానీ ఆ కాసిన్ని నీళ్లు 250 లీటర్లకు పైగా ఆవిరై, మిగతా మరిగే నీళ్లను కూడా మొహం మీదికి చిమ్ముతాయి. కొత్త కార్లలో చాలావాటికి రేడియేటర్ మీద మూత ఉండదు, ప్లాస్టిక్ ట్యాంకుకే మరతిప్పుడు మూత ఉంటుంది. చూడటానికి నీళ్ల డబ్బాలా అమాయకంగా ఉంటుంది గానీ లోపల ఒత్తిడి అంతే.

గంట దాటాక డ్రైవర్ లేచాడు. పై హోస్‌ను రెండు వేళ్లతో నొక్కి చూశాడు. మెత్తబడింది. మడతలు పెట్టిన గుడ్డ మూత మీద వేసి, మొహం పక్కకు తిప్పుకుని, మొదటి గాడి దాకా మాత్రం తిప్పి ఆగాడు. బుస్సుమంటూ మిగిలిన ఆవిరి పక్క గొట్టంలోంచి పోయింది. శబ్దం ఆగాకే మూతను కిందికి నొక్కి పూర్తిగా తిప్పాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, కుర్రాడి చేతిలోని సీసా అడిగి తీసుకుని సన్నటి ధారగా పోశాడు. వేడి ఇనుము మీద చల్లనీళ్లు ఒక్కసారిగా పడితే హెడ్ చిట్లుతుందని ఎవరూ అడగకుండానే చెప్పాడు. సీటు కింది పెట్టెలోంచి కొత్త క్యాప్ తీసి బిగించాడు. అంకె అరిగిపోయిన పాత క్యాప్‌ను చొక్కాకు తుడిచి డ్యాష్‌బోర్డు అరలో పడేసుకుని గేరు వేశాడు. పైకి ఇంకా నాలుగు మలుపులున్నాయి.